ముఖంలో కళ రావాలి: బడి పిల్లల 38 ఫొటోలు బాగుచేసిన డైరీ

జూలై 19, శనివారం

మా అక్క కోనసీమలో మా ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక పిల్లలందరి చేతుల్లో తలా ఒక ఫొటో పెట్టాలని వాళ్ల హెచ్ఎం మేడమ్ కోరిక. ఇళ్లలో పిల్లల ఫొటోలు లేక కాదు. అన్నీ ఫోన్లలో ఉంటాయి, ఫోను పాడైతే ఫొటోలూ పోతాయి. "కెమెరా కొన్నావు కదరా, ఒక పూట వచ్చి తీసిపెట్టు" అంది అక్క. నిన్న రాత్రి వైజాగ్‌లో బస్సెక్కి పొద్దున్నే ఊళ్లో దిగాను.

రాత్రి నుంచి ముసురు పట్టింది. 40 మంది పిల్లల్లో 38 మంది వచ్చారు. శనివారం కాబట్టి అందరికీ తెల్ల డ్రెస్సు. తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి పన్నెండు దాకా తీశాను. వరండా అంచున సిమెంటు స్తంభం పక్కన ఒక్కొక్కరినే నిలబెట్టాను. వెనక తడిసిన కొబ్బరి చెట్లు, సన్నగా వాన, చూడ్డానికి చాలా బాగుంది. అది పడాలని నేను గోడకి ఆనుకుని నిలబడి, పిల్లల్ని నా వైపు తిప్పుకున్నాను. 50 ఎంఎం లెన్సు, ఎఫ్ 2.8. ప్రతి ఫొటోనీ రా ఫైలుగానూ (కెమెరా పట్టింది పట్టినట్టు ఉండేది) జేపెగ్‌గానూ (కెమెరా కుదించి ఇచ్చేది) రెండు రకాలా దాచాను.

సాయంత్రం అక్క వాళ్లింట్లో ల్యాప్‌టాప్ తెరిచి చూశాం. కొబ్బరి చెట్లు బాగున్నాయి. చొక్కాలు బాగున్నాయి. పిల్లల ముఖాలే బాగాలేవు. కెమెరా ముందు పడీపడీ నవ్విన పిల్లాడు కూడా జ్వరం నుంచి లేచి వచ్చినట్టున్నాడు. బుగ్గల మీద ఏదో పసరు రంగు. అక్క నా భుజం మీద నుంచి చూసి, "ముఖాల్లో కళ లేదేంట్రా?" అంది.

సరిగ్గా అదే. పొద్దున్న ఆ వరండాలో ఈ పిల్లలే ఎంత కళకళలాడుతూ ఉన్నారో నేను చూశాను. అది ఫొటోలోకి రాలేదు. మళ్లీ తీద్దామంటే సోమవారం ఆఫీసు, సెలవు దొరకదు. ఉన్నవాటినే బాగుచేయాలి. చేతిలో 27 రోజులు ఉన్నాయి.

జూలై 20, ఆదివారం

తిరుగు బస్సులో కూర్చుని ఎందుకిలా వచ్చాయా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చి, ఫొటోలు సరిచేసే డార్క్‌టేబుల్ సాఫ్ట్‌వేర్‌లో హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో వెలుగు ఎక్కడ ఎంతుందో చూపే గ్రాఫ్, తెరిచాక అర్థమైంది.

కెమెరా మీటరుకి ముఖమేదో ఆకాశమేదో తెలియదు. నేను పెట్టిన మోడ్‌లో అయితే అసలే తెలియదు. ఫ్రేములో ఉన్న వెలుగంతా కలిపి సగటున మధ్యరకం బూడిద రంగుకి రావాలని లెక్క వేసుకుంటుంది. తన మీద పడిన వెలుగులో 18 శాతాన్ని తిప్పి పంపే బూడిద రంగు అది. ఫ్రేములో సగం తెల్లటి ఆకాశం, దానికి తోడు తెల్ల చొక్కా. వెలుగు ఎక్కువైందనుకుని కెమెరా మొత్తాన్నీ తగ్గించేసింది. ఆ తగ్గింపు ముఖాల మీద పడింది.

ఇంకొకటి, ఇది పూర్తిగా నా వల్ల జరిగింది. పిల్లలు ఆకాశానికి వీపు పెట్టి నిలబడ్డారు. వాళ్ల ముఖాల మీద పడింది నేను ఆనుకున్న గోడ నుంచి తిరిగొచ్చిన వెలుగు. ఆ గోడకి కింది సగం ఆకుపచ్చ రంగు. పసరు రంగు ఎక్కడి నుంచి వచ్చిందో ఇక వెతకక్కర్లేదు.

రాత్రి తొందరపడి ఒక జేపెగ్ తీసుకుని బ్రైట్‌నెస్, శాచురేషన్ రెండూ పెంచాను. ముఖం తెల్లబడకముందే చొక్కా మడతలు కరిగిపోయి తెల్ల కాగితం అయింది. పెదాలు తాంబూలం వేసుకున్నట్టు ఎర్రబడ్డాయి. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. నా కెమెరా రా ఫైలు 14 బిట్లది, అందులో 16,384 మెట్లు. చీకట్లో పడిపోయిన ముఖాన్ని పైకి లాగాలంటే రా ఫైలే దిక్కు. జేపెగ్‌లన్నీ పక్కన పెట్టేశాను.

జూలై 22

ఆఫీసు అయ్యాక రెండు గంటలు కూర్చున్నాను. ముందు వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెలుపుగా కనపడేలా రంగులు సర్దడం.

సాఫ్ట్‌వేర్‌లో ఒక పిక్కర్ ఉంటుంది. ఫొటోలో ఏ రంగూ లేని చోటు, అంటే తెలుపో బూడిదో ఉన్న చోటు చూపిస్తే, దాన్ని బట్టి మిగతా రంగులన్నీ సర్దుతుంది. తెల్ల చొక్కా ఉండగా ఇంకేం కావాలనుకుని దాని మీద నొక్కాను. ఫొటో మొత్తం పచ్చగా మారిపోయింది, పసుపు నీళ్లు చల్లినట్టు. ఇంకో పిల్లాడి చొక్కా మీద నొక్కితే కాస్త తక్కువ పసుపు. మూడో అమ్మాయి చొక్కాతో దాదాపు సరిగ్గా వచ్చింది. ఒకే వరండా, ఒకే స్తంభం, పది నిమిషాల తేడాలో తీసిన ఫొటోలు ఇవి. మూడూ మూడు రకాలు.

అరగంట తల పట్టుకున్నాక బుర్రకి తట్టింది. నీలిమందు! బట్టలు ఉతికాక నీలి నీళ్లలో ముంచి తీస్తారు. ఒక ఇంట్లో రెండు చుక్కలు, ఇంకో ఇంట్లో మూత నిండా. మన కంటికి మల్లెపూవులా కనపడే చొక్కా నిజానికి లేత నీలం. ఆ నీలాన్ని తెలుపు అనుకుని సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేయబోయింది, ఆ పనిలో మొత్తానికి పసుపు పులిమింది. కాగితమూ అంతే. నంబర్లు రాసి పిల్లల చేత పట్టించిన కాగితం మీద కూడా నొక్కి చూశాను. తెల్లగా మెరవడానికి అందులోనూ ఏదో కలుపుతారు, అదీ నీలానికే మొగ్గుతుంది.

చివరికి కాపాడింది సిమెంటు స్తంభం. సున్నం లేదు, రంగు లేదు, ఉత్త బూడిద. పిల్లల ముఖం ఏ వైపు ఉందో స్తంభం కూడా ఆ వైపే ఉంది, అదే గోడ వెలుగు దాని మీదా పడింది. స్తంభం మీద తడి లేని చోట ఒక చిన్న చతురస్రం గీసి పిక్కర్ పెట్టాను. పసరు రంగు మొత్తం దిగిపోయింది. రాత్రి పదకొండింటికి గదిలో ఒక్కణ్నే చప్పట్లు కొట్టాను.

38 ఫొటోల్లోనూ స్తంభం ఏదో ఒక మూల ఉంది. అదృష్టం అంటే ఇదే.

జూలై 23

కంటిని పూర్తిగా నమ్మకూడదని ఇవాళ అంకెలు చూసుకున్నాను. మనిషి చర్మం ఏ ఛాయలో ఉన్నా ఎరుపు ఎక్కువ, తర్వాత ఆకుపచ్చ, అన్నిటికన్నా తక్కువ నీలం ఉంటుంది. 9వ నంబరు పిల్లాడి బుగ్గ మీద మొదట ఎరుపు 96, ఆకుపచ్చ 84, నీలం 70. ఎరుపూ ఆకుపచ్చా ఇంత దగ్గరగా ఉండబట్టే ముఖం పాలిపోయి కనపడింది. స్తంభంతో సరిచేసి, ఎక్స్‌పోజర్ (ఫొటో మొత్తం వెలుగు) పెంచాక అదే చోట 168, 122, 96. ఇప్పుడు బుగ్గలో రక్తం ఉన్నట్టుంది.

ఫొటోలని మూడు గుంపులుగా విడదీశాను: వాన పడుతుండగా తీసినవి, తెరిపి ఇచ్చాక తీసినవి, పదకొండు తర్వాత కాస్త ఎండ పొడ వచ్చినప్పటివి. ఒక్కో గుంపులో ఒక ఫొటో సరిచేసి, ఆ మార్పుల్ని మిగతావాటికి కాపీ చేశాను.

జూలై 25

ఎక్స్‌పోజర్ మొత్తంగా పెంచితే ఆకాశం, చొక్కా పాడైపోతున్నాయి. దీనికి మందు టోన్ ఈక్వలైజర్. పాటలు వినేటప్పుడు బేస్ పెంచి ట్రెబుల్ తగ్గించుకుంటాం చూడండి, ఇదీ అలాంటిదే. ఫొటోలోని వెలుగుని చీకటి నుంచి తెలుపు దాకా తొమ్మిది మెట్లుగా విడదీసి, మనకి కావాల్సిన మెట్టునే పెంచనిస్తుంది. ముఖాలు మధ్య మెట్ల కింద ఉన్నాయి. అక్కడ ఒక స్టాపు (ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపు), దాని పక్కన అర స్టాపు పెంచాను. చొక్కా ఉన్న మెట్టు కదపలేదు. ముఖం చీకట్లోంచి బయటికొచ్చింది, చొక్కా గుండీలు కూడా కనపడుతున్నాయి.

కానీ తెరిపి గుంపులో అయిదారుగురి ముఖాలు ఎంత చేసినా బూడిద పూసినట్టే ఉన్నాయి. వెలుగు సరిపోయింది, రంగు సరిపోయింది, అయినా కళ లేదు. పెద్దది చేసి చూస్తే నుదుటి మీద, ముక్కు పక్కన సన్నటి తెల్లటి పొర. పౌడరు! ఫొటో తీస్తారని తెలిసి అమ్మలు పొద్దున్నే పిల్లల ముఖాలకి పౌడరు దట్టంగా పట్టించి పంపారు. గోధుమ రంగు చర్మం మీద ఆ తెల్లటి పొర పడితే ఎండలో పెద్దగా తెలియదు. నీడలో మాత్రం చర్మంలోని ఎరుపునంతా మింగేస్తుంది.

అమ్మ ప్రేమగా రాసిన పౌడర్ని పూర్తిగా చెరిపేయడానికి మనసు రాలేదు. మార్పు ముఖానికి మాత్రమే తగిలేలా హద్దు (మాస్కు) గీసి, బాగా వెలుగున్న చోట్లని కొంచెం దించి, మధ్య వెలుగులో రంగుని పది శాతం దాకా పెంచాను. మెడ మీద పౌడరు లేదు కాబట్టి మెడ రంగు చూసుకుంటూ దానికి దగ్గరగా తెచ్చి ఆపేశాను. పౌడరు ఉందని ఇప్పటికీ తెలుస్తుంది. బూడిద మాత్రం లేదు.

జూలై 26, శనివారం

ఆఫీసులో ఒకాయన, "ఇంత కష్టం ఎందుకు, ఒక యాప్ ఉంది, ఒక్కసారి నొక్కితే చాలు" అన్నారు. ఊళ్లో పిల్లల ఫొటోలని ఏ వెబ్‌సైట్‌కీ ఎక్కించనని తల్లిదండ్రులకి మాట ఇచ్చాను. అందుకని అక్కని అడిగి, మా మేనకోడలి ఫొటో ఒక్కటి పెట్టి చూశాను. అదీ ఈ 38 మందిలో ఒకతే, రెండో తరగతి.

ముఖం తళతళా వచ్చింది, కాదనను. కానీ దానికి ముందు పళ్లు రెండూ ఊడాయి. యాప్ వాటిని మొలిపించేసింది! ముత్యాల్లాంటి పళ్లు. ముక్కు కాస్త సన్నబడింది, ఛాయ రెండు మెట్లు తెల్లబడింది. వీడియో కాల్‌లో చూపిస్తే అది ఫోన్ దగ్గరికి ముఖం పెట్టి చూసి, "మావయ్యా, ఇది నేను కాదు. నాకు పళ్లు లేవు కదా" అంది. వెంటనే నోరు తెరిచి చూపించింది కూడా.

ఆ ఫొటో డిలీట్ చేశాను, యాప్ కూడా తీసేశాను. ఇంకో పిల్లాడి బోసినోటి నవ్వు, దీని ఊడిన పళ్లు, ఈ ఏడాదికే ఉంటాయి. పదేళ్ల తర్వాత ఎవరైనా ఈ ఫొటో తీసి చూసేది వాటికోసమే.

జూలై 28

చిన్నచిన్న మచ్చలు తీసే పని మొదలుపెట్టాను. దీనికి జింప్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్. హీల్ టూల్ పెట్టి బుగ్గ మీద నల్లటి చుక్క కనపడితే చాలు తీసేసుకుంటూ పోతున్నాను, పాట వింటూ. ఏడో ఫొటోకి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఈ ఫొటోలో చుక్క మరీ గుండ్రంగా ఉంది. గడ్డం పక్కన, కాటుకతో పెట్టినట్టు.

దిష్టి చుక్క!

వెనక్కెళ్లి చూసుకుంటే అప్పటికే ఇద్దరికి దిష్టి చుక్కలు తీసేశాను. ఒంట్లో ఏదోలా అయింది. నలుగురి ముందూ ఫొటో తీయించుకోబోతున్న పిల్లకి దిష్టి తగలకూడదని ఆ తల్లి పెట్టిన చుక్క అది. దాన్ని నేను మొటిమ తీసినట్టు తీసేశాను. చేసిన మార్పుల్ని లేయర్లుగా, అంటే ఫొటో పైన విడి పొరలుగా, దాచుకోవడం వల్ల వెనక్కి తెచ్చుకోగలిగాను. అసలు ఫొటో మీద ఎప్పుడూ నేరుగా గీయకూడదని ఎందుకంటారో ఇవాళ తెలిసొచ్చింది.

అప్పుడొక నియమం పెట్టుకున్నాను. రెండు వారాల్లో దానంతటదే పోయేది తీసేయొచ్చు: గీరుకున్న గాయం, దోమకాటు, ముక్కు కింద జలుబు, మూతి మీద టిఫిన్ మరక. ఉండిపోయేది ముట్టుకోను: పుట్టుమచ్చ, పాత కుట్ల గుర్తు, చెవి దగ్గర కాలిన మచ్చ. దిష్టి చుక్క సాయంత్రానికి పోతుంది కానీ అది ఈ లెక్కలోకి రాదు. కాటుక, బొట్టు, నూనె మెరుస్తున్న తల కూడా అంతే. ఇంట్లో వాళ్లు చేసి పంపింది ఏదైనా ఉంచాల్సిందే.

జూలై 29

నీడల్ని పైకి లాగాక చర్మం మీద గరుకు వచ్చింది, ఇసుక చల్లినట్టు. గరుకు తగ్గించే డీనాయిస్ గట్టిగా పెడితే గరుకు పోయింది, చర్మం మైనం బొమ్మలా అయింది. సగానికి తగ్గించాను. అయిదు బై ఏడు అంగుళాల ప్రింటులో ఆ కొంచెం గరుకు ఎవరికీ కనపడదు.

ఆగస్టు 1

అక్క ఫోన్. 17వ నంబరు పాప వాళ్ల అమ్మ బడికి వచ్చి అడిగిందట. అక్క ఫోన్ ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ మొహమాటపడుతూ, "తమ్ముడూ, మా పాప కొంచెం చామనఛాయ. ఫొటోలో కాస్త తెల్లగా వచ్చేలా చెయ్యి నాయనా" అన్నారు.

ఏం చెప్పాలో తెలియలేదు. కాదంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటారు. సరేనంటే నేను చేస్తున్న పనికే అర్థం లేదు. పది రోజులుగా చేస్తున్నదంతా ఆ పిల్లల రంగు వాళ్లకి తిరిగి తెచ్చిపెట్టడమే కదా. "చూసి పంపుతానక్కా, మీరే చెప్పండి" అన్నాను.

రాత్రి రెండు ఫొటోలు చేశాను. ఒకటి ఆవిడ అడిగినట్టే, ఛాయ మార్చి తెల్లగా. రెండోదాంట్లో రంగు ముట్టుకోలేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలాల మధ్య నిష్పత్తి అలాగే ఉంచి, ముఖం మీద వెలుగు మాత్రం ఇంకో మూడో వంతు స్టాపు పెంచాను. రెండు కళ్లలోనూ మెరుపు వచ్చేలా చూశాను. ఏది ఏదో చెప్పకుండా రెండూ అక్కకి పంపాను, తెల్లవారాక ఆవిడకి చూపించమని.

ఆగస్టు 2

అక్క చెప్పింది: ఆవిడ మొదటిది చూసి, "ఇదేంటి, సున్నం కొట్టినట్టుంది" అన్నారట. రెండోది చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇదిగో, ఇదే నేనడిగింది. తెల్లగా వచ్చింది చూడండి" అన్నారట.

ఆవిడ తెల్లగా అన్నది వెలుగుని. ముఖం మీద వెలుగు పడితే మనవాళ్లు తెల్లగా ఉందంటారు, పడకపోతే నల్లగా వచ్చిందంటారు. స్టూడియోల్లో కూడా ఈ మాటే పట్టుకుని పిల్లలందరి ఛాయా మార్చేస్తారు. నాకు తెలిసిన ఇళ్లలో గోడల మీద ఉన్న ఫొటోలన్నీ గుర్తొచ్చాయి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అందరూ ఒకే గులాబీ రంగులో ఉంటారు.

ఆగస్టు 3, ఆదివారం

ఇవాళ 17వ నంబరు మీదే కూర్చున్నాను. ఎలా చేశానో వివరంగా రాసుకుంటున్నాను, మిగతావాటికి పనికొస్తుంది.

మూడో తరగతి పాప. రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బన్లతో పైకి కట్టారు. ఎడమ రిబ్బను కొంచెం జారింది. కళ్లకి కాటుక, కుడి కంటి బయటి కొసన కాస్త చెదిరింది. నవ్వడం లేదు కానీ నవ్వాపుకుంటోంది, కింది పెదవి లోపలికి పట్టుకుంది.

ముందు చేసిన తప్పు: ముఖం స్పష్టంగా రావాలని లోకల్ కాంట్రాస్ట్ (పక్కపక్కన ఉన్న వెలుగునీడల తేడా) పెంచాను. చెదిరిన కాటుక మరీ నల్లబడి, కంటి కింద కమిలినట్టయింది. పిల్లని ఎవరో కొట్టారా అన్నట్టుంది! తీసేశాను. పిల్లల ముఖాలకి కాంట్రాస్ట్ పనికిరాదు, అది తాతయ్యల ముఖాలకి బాగుంటుంది.

జింప్‌లో మధ్య బూడిద, అంటే మూడు రంగులూ 128 ఉన్న లేయర్ ఒకటి పైన పెట్టి సాఫ్ట్ లైట్ మోడ్‌లోకి మార్చాను. ఈ లేయర్ మీద తెల్ల బ్రష్షుతో రాస్తే కింద వెలుగు పెరుగుతుంది, నల్ల బ్రష్షుతో రాస్తే తగ్గుతుంది. బూడిద అలాగే ఉన్నచోట ఏ మార్పూ ఉండదు. బ్రష్షు అపాసిటీ (గాఢత) ఆరు శాతం మించనివ్వలేదు. మెత్తటి అంచు, పెద్ద సైజు.

గోడ నుంచి తిరిగొచ్చిన వానవెలుగు ముఖమంతా ఒకేలా పడటంతో ముఖం చదునుగా ఉంది, ఎత్తుపల్లాలు లేవు. అందుకని ఎక్కడ వెలుగు సహజంగా పడాలో అక్కడే రాశాను: నుదుటి మధ్య, కుడి బుగ్గ పైభాగం, ముక్కు గీత మీద సన్నగా, గడ్డం మీద ఒక చుక్క. దవడ కింద కొంచెం నల్లది. ఒక్కో చోట నాలుగైదు సార్లు రాస్తే గానీ తేడా తెలియదు. అలా ఉంటేనే మంచిది.

తర్వాత కళ్లు. కంట్లో మెరిసే చుక్క లేకపోతే ముఖం నిద్రపోతున్నట్టుంటుంది. లేని మెరుపు గీయకూడదని అనుకున్నాను. పెద్దది చేసి చూస్తే గోడ పైభాగంలోని తెలుపు కనుపాపలో మసగ్గా కనపడుతూనే ఉంది. దానినే నాలుగు దఫాలుగా పెంచాను. కనుపాప కింది సగం కాస్త తేటపరిస్తే గోధుమ రంగు బయటపడింది. అప్పటిదాకా అది నలుపనే అనుకున్నాను. కంటి తెలుపుని మాత్రం ముట్టుకోలేదు. చిన్నపిల్లల కంటి తెలుపులో లేత నీలం ఛాయ ఉంటుంది, దాన్ని తెల్లగా చేస్తే బొమ్మ కళ్లవుతాయి.

చివర్లో జారిన రిబ్బను సరిచేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. వదిలేశాను.

ముందూ వెనకా పక్కపక్కన పెట్టి చూసుకుంటే, పొద్దున్న ఆ వరండాలో చూసిన పాప కనపడింది. గంటన్నర పట్టింది. మిగతావాటికి ఇంత టైం లేదు, ఒక్కోదానికి ఇరవై నిమిషాలు అనుకున్నాను.

ఆగస్టు 6

నాలుగు ఫొటోలు ప్రింటు వేయించాను, రకరకాల ఛాయల పిల్లలవి ఎంచి. అయిదు బై ఏడు అంగుళాలు, అంగుళానికి 300 చుక్కల లెక్కన 1500 బై 2100 పిక్సెళ్లు, ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో జేపెగ్.

చేతికొచ్చాక గుండె జారిపోయింది. అన్నీ చీకటి. నేను పడ్డ కష్టమంతా ఎక్కడికి పోయిందో తెలియలేదు. తప్పు నా గదిలోనే ఉందని తేలింది. రాత్రిపూట లైటార్పి, ల్యాప్‌టాప్ వెలుగు పూర్తిగా పెట్టి పనిచేస్తున్నాను. చీకటి గదిలో అంత వెలిగే తెర మీద ఏ ఫొటో అయినా వెలుగ్గానే కనపడుతుంది. కాగితానికి సొంత వెలుగు ఉండదు కదా. ట్యూబులైటు వేసుకుని, ఒక తెల్ల కాగితం పక్కన పట్టుకుని, తెరమీద తెలుపు ఆ కాగితంతో సమానంగా కనపడేదాకా తగ్గించాను. సగం కన్నా కిందికొచ్చింది. 38 ఫొటోలకీ మళ్లీ అర స్టాపు పెంచాలి. టెన్షన్ మొదలైంది.

ఆగస్టు 9, శనివారం

రెండో టెస్టు ప్రింట్లు. ఈసారి వెలుగు సరిపోయింది కానీ నలుగురూ ఒకే రంగులో, లేత గులాబీలో వచ్చారు. ల్యాబ్‌లో కుర్రాణ్ని అడిగితే, "పిల్లల ఫొటోలు కదా సార్, ఆటో కరెక్షన్ పెట్టాను, అందరూ అదే అడుగుతారు" అన్నాడు. అతను మంచి ఉద్దేశంతోనే చేశాడు.

ఈ గొడవ కొత్తదేం కాదు. ఫిల్మ్ రోజుల్లో కొడాక్ కంపెనీ ల్యాబులకి రంగులు సరిచూసుకోవడానికి ఒక కార్డు పంపేది. దానిమీద ఒక తెల్లజాతి అమ్మాయి ఫొటో ఉండేది. షర్లీ కార్డు అనేవారు. ఆమె చర్మం సరిగ్గా వస్తే మిషన్ సరిగ్గా ఉన్నట్టు లెక్క. ముదురు ఛాయ వాళ్ల ముఖాలు ఎలా వచ్చినా ఆ కొలతకి పట్టేది కాదు. రకరకాల ఛాయల మనుషులున్న కార్డులు రావడానికి 1990లు పట్టింది. మన ఊళ్ల ఆల్బమ్‌ల మీద కూడా ఆ కొలత ఎంత పనిచేసిందో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

కుర్రాడి పక్కన కూర్చుని, 17వ నంబరు ఫొటో ఒకటి కరెక్షన్ ఏమీ లేకుండా వేయమన్నాను. రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "ఇందులో పాప బతికున్నట్టుంది సార్" అన్నాడు. కవరు మీద పెద్ద అక్షరాలతో "కరెక్షన్ వద్దు" అని అతనే రాశాడు.

ఆగస్టు 12

మొత్తం 38 అయిపోయాయి. నిన్న రాత్రి రెండున్నర దాకా కూర్చున్నాను. ఎండ పొడ గుంపుకి పెద్దగా పని పడలేదు. వాన గుంపులో మూడు ఫొటోలు ఇప్పటికీ నాకు తృప్తిగా లేవు. ఒకదాంట్లో బాబు కదలడంతో కళ్లు కాస్త అలుక్కుపోయాయి, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. షార్పెన్ చేసి చూసి, తీసేసి, అలాగే ప్రింటుకిచ్చాను. నవ్వు మాత్రం అందరికన్నా వాడిదే బాగుంది.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా వందనం అయ్యాక, చాక్లెట్లు పంచకముందే మేడమ్ ఒక్కొక్కరినీ పిలిచి కవరు ఇచ్చారు. పిల్లలు తమ ఫొటో చూసుకోవడం ఒక క్షణమే, పక్కవాడిది లాక్కుని చూడటమే ఎక్కువ. గోడ దగ్గర నిలబడ్డ ఒక మామ్మగారు మనవడి ఫొటోని చీర కొంగుతో తుడిచి, దిష్టి చుక్క మీద వేలు పెట్టి, "నేను పెట్టిందే" అని పక్కావిడకి చూపించారు. నేను అక్కడే ఉన్నాను, ఏమీ అనలేకపోయాను.

ఆ రోజు రాని ఇద్దరు పిల్లలు ఇవాళ వచ్చారు. వాళ్లనీ అదే వరండాలో తీశాను, కానీ ఈసారి అటూ ఇటూ మార్చి: పిల్లల ముఖం ఆకాశం వైపు, నా వీపు వాన వైపు. ఆకుపచ్చ గోడకి నాలుగడుగులు ఎడంగా నిలబెట్టాను. బావగారి తెల్ల పంచె ఒకటి తెచ్చి, అక్క, మేడమ్ చెరో కొస పట్టుకుని కింద నుంచి వెలుగు ముఖం మీదకి కొట్టేలా వంచారు. కెమెరాలో ఎక్స్‌పోజర్ రెండు మూడో వంతుల స్టాపు పెంచి పెట్టాను. మొదటి ఫ్రేములో బ్యాగులోంచి గ్రే కార్డు (రంగులు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) తీసి పిల్లాడి చేత పట్టించాను, పోయిన వారమే కొన్నాను.

పంచె చూసి ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. రాత్రి అక్క వాళ్లింట్లో ఆ రెండు ఫొటోలకీ పట్టింది మొత్తం తొమ్మిది నిమిషాలు. రేపు వైజాగ్ వెళ్లగానే ప్రింటుకివ్వాలి. కవరు మీద "కరెక్షన్ వద్దు" అని ఇప్పుడే రాసి పెట్టుకున్నాను.